పాత పాఠాల్లో యాడ్స్ ఎందుకు వస్తున్నాయంటే

మెంబర్లందరికీ నమస్కారం.

ఫ్యాన్, వాషింగ్ మెషిన్ రిపేర్ పాఠాల మధ్యలో యాడ్స్ వస్తున్నాయేంటని చాలామంది అడిగారు. ఆ పాఠాల్లో యాడ్స్ ఉండవని మాటిచ్చి మీ దగ్గర మెంబర్‌షిప్ తీసుకున్నాం. అడిగే హక్కు మీకుంది. ఆ యాడ్స్ మేం పెట్టినవి కావు. వాటి మీద వచ్చే డబ్బు కూడా మాకు రావడం లేదు.

పాఠాల వెనక సన్నగా వినిపించే మ్యూజిక్ ఉంది కదా, అది మేం డబ్బు కట్టి లైసెన్సు తీసుకుని వాడినది. మాకు అమ్మిన కంపెనీ తన ట్రాకులన్నిటినీ ఇంకో కంపెనీకి ఇచ్చేసింది. కొత్తవాళ్లు వాటిని యూట్యూబ్ కంటెంట్ ఐడీలో ఎక్కించారు. ఎవరి మ్యూజిక్ ఏ వీడియోలో ఉందో యంత్రమే పోల్చి పట్టుకునే ఏర్పాటు అది, 2007 నుంచి ఉంది. దానికి ట్యూన్ తెలుస్తుంది గానీ మా దగ్గరున్న లైసెన్సు కాగితం సంగతి తెలియదు. అలా మా వీడియోల మీద ‘ఈ మ్యూజిక్ మాది’ అనే క్లెయిములు పడ్డాయి. క్లెయిమ్ పడిన వీడియోలో యాడ్స్ వేసుకుని ఆ డబ్బు తీసుకునే వీలు వాళ్లకు దొరికింది.

పాత కంపెనీకి మెయిల్ మీద మెయిల్ పెట్టాం. మొదట ‘చూస్తున్నాం’ అన్నారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఎవరెవరికి లైసెన్సులు ఇచ్చారో ఆ జాబితా కొత్తవాళ్ల చేతిలో పెట్టి ఉంటే సరిపోయేది. డబ్బు కట్టగానే ఇన్‌వాయిస్ పంపినవాళ్లకు ఈ ఒక్క పని చేతకాలేదా? నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

ఇంతలో ఒకరు కామెంట్లో ‘మ్యూజిక్ కొట్టేసి దొరికిపోయారు’ అని రాశారు. ఆ మాట బాగా గుచ్చుకుంది. ఏ ట్రాక్ ఎప్పుడు కొన్నాం, ఏ వీడియోలో ఎన్నో నిమిషంలో వాడాం, ప్రతిదీ మా ఎడిటర్ షీట్‌లో రాసి ఉంచుతుంది. కంటెంట్ క్రియేటర్ అంటే కెమెరా ముందు మాట్లాడేవాళ్లని చాలామంది అనుకుంటారు. మా వారంలో షూటింగ్‌కి పోయేది తక్కువ. స్క్రిప్టు, ఎడిటింగ్, సబ్‌టైటిల్స్, ఇలాంటి కాగితాలు, వీటికే ఎక్కువ సమయం పోతుంది. ఇది మా వృత్తి. దొంగ అనిపించుకుని ఊరుకోలేను.

నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం ఆ తర్వాత తీసుకోవాల్సిన నిర్ణయం. యూట్యూబ్ ఎడిటర్‌లోనే పాటను మార్చేసినా, మ్యూట్ చేసినా క్లెయిమ్ పోతుంది. మీకు యాడ్స్ ఆగిపోతాయి. ఫ్యాన్ పాఠం మీద ముందు ట్రయల్ చేసి చూశాం. బేరింగ్ అరిగిన మోటార్‌ను చేత్తో మెల్లగా తిప్పితే వచ్చే గరగర శబ్దం ఉంటుంది చూడండి, మ్యూజిక్‌తో పాటు అది కూడా కొట్టుకుపోయింది. ఆ పాఠానికి ప్రాణమే ఆ శబ్దం. చెవితో పట్టుకోవాల్సిన దాన్ని తీసేసి, నా మాటలు మాత్రం మిగిల్చి ఏం లాభం?

పోనీ మ్యూజిక్ లేకుండా కొత్తగా ఎక్కిద్దామంటే, పాత లింకులోనే ఫైల్ మార్చడం కుదరదు. కొత్త వీడియో అంటే కొత్త లింకు. మీ కామెంట్లన్నీ పాతదాని కిందే ఉండిపోతాయి. ‘కెపాసిటర్ మార్చినా ఫ్యాన్ నెమ్మదిగానే తిరుగుతోంది’ అని ఒకరు అడిగితే, మరొకరు తన ఫ్యాన్‌కు ఏం చేశారో వివరంగా రాసిన జవాబులు అవి. కొన్ని నేను చెప్పిన పాఠం కంటే బాగున్నాయి. వాటిని వదులుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు.

అందుకే డిస్ప్యూట్ చేశాం, అంటే ఆ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌లో అభ్యంతరం పెట్టాం. అన్నిటికీ ఒకేసారి కాదు, ముందు ఫ్యాన్ పాఠానికే. జవాబివ్వడానికి క్లెయిమ్ చేసినవాళ్లకు 30 రోజులు ఉంటుంది. వాళ్లు తిరస్కరించారు, కారణంగా ఒక్క ముక్క కూడా రాయలేదు. అప్పీల్‌కు వెళ్లాం. దీనికి గడువు 7 రోజులు. ఇక్కడా కాదనాలంటే వీడియో తీసేయమని వాళ్లు చట్టప్రకారం అడగాలి, అప్పుడు మాకు కాపీరైట్ స్ట్రైక్, అంటే ఛానెల్‌కు యూట్యూబ్ ఇచ్చే హెచ్చరిక, పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు. ఒక్కొక్కటిగా వెళ్లడానికి కారణం అదే. స్ట్రైక్ పడినా, వీడియో తీసేయడం తప్పని చెప్పే కౌంటర్ నోటిఫికేషన్ వేస్తాం. ‘రాజీపడితే పోతుంది కదా, ఎందుకీ పంతం’ అని ఇంట్లోవాళ్లే అంటున్నారు. డబ్బు కట్టి కొన్నదాన్ని కొనలేదని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. నేను ఒప్పుకోను.

మధ్యలో ఒక టూల్స్ కంపెనీ మంచి డబ్బే ఇస్తామంది, కాకపోతే స్పాన్సర్డ్ అని చెప్పకూడదట. వద్దన్నాం. డబ్బు తీసుకుని చేసిన వీడియోకు ‘పెయిడ్ ప్రమోషన్’ గుర్తు పెట్టడం మా దగ్గర ఎప్పుడూ ఉన్న పద్ధతే.

మీ విషయానికొస్తే, క్లెయిమ్ పడిన పాఠాలన్నీ మ్యూజిక్ లేకుండా, మోటార్ శబ్దంతో సహా మెంబర్ల ఫోల్డర్‌లో డౌన్‌లోడ్‌కు పెట్టాం. యాడ్స్ లేకుండా అక్కడ చూసుకోండి. యూట్యూబ్‌లో మాత్రం ఇంకొన్ని వారాలు యాడ్స్ వస్తాయి, ఓపిక పట్టండి. కొత్త పాఠాలు ఎప్పటిలాగే వస్తాయి, ఇకపై వాటిలో మ్యూజిక్ ఉండదు. ఈ నెల మెంబర్‌షిప్ డబ్బు వెనక్కి కావాలంటే మెసేజ్ పెట్టండి, కారణం అడగకుండా ఇచ్చేస్తాం. యూట్యూబ్ మెంబర్‌షిప్ రాబడిలో 70 శాతం మా చేతికొస్తుంది, మీకు మాత్రం పూర్తి మొత్తం ఇస్తాం.

లైసెన్సు కాగితాలు, పాత కంపెనీతో నడిచిన మెయిళ్లు కూడా అదే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఆ కామెంట్ రాసినవారు మెంబర్ కాకపోయినా సరే, అడిగితే పంపిస్తాను.