నీటి సీసా వెళ్తుంది, మల నమూనా వెళ్లదు

సంపాదకులు గారికి,

ఏటా తొలకరి పడగానే జిల్లా పేజీల్లో ఒకే వార్త ఊరి పేరు మార్చుకుని వస్తుంటుంది. ఫలానా కాలనీలో అతిసారం, ఆస్పత్రిలో ఇంతమంది, నీటి నమూనాలు ల్యాబ్‌కు పంపాం అని అధికారి మాట. కొన్నాళ్లకు నీళ్లు బాగానే ఉన్నాయని రిపోర్టు. మరి జనం ఎందుకు పడిపోయారో ఎవరూ అడగరు.

నీళ్లు బాగున్నాయని రావడంలో వింతేమీ లేదు. మొదటి కేసు చెవిన పడగానే ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ గుమ్మరిస్తారు. ఆ తర్వాతే సీసా పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్తారు. సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంచకపోతే నీళ్లలోని క్లోరిన్ దారి పొడవునా క్రిములను చంపుతూనే ఉంటుంది. ఇక ల్యాబ్‌లో ఏం పెరుగుతుంది? జవాబు ఉన్నది రోగి మలంలో. దాన్ని పంపేవాళ్లు తక్కువ, పనికొచ్చేలా పంపేవాళ్లు ఇంకా తక్కువ.

ఈ సందర్భంలో కలరా క్రిమి విషాన్ని పట్టుకున్న కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే గురించి చెప్పాలి. కలరా అనగానే మన వైద్య విద్యార్థులు జర్మన్ శాస్త్రవేత్త కోఖ్ పేరు చెబుతారు. డే పేరు చెప్పేవాళ్లు అరుదు. ఆయన 1915లో హుగ్లీ జిల్లాలో పుట్టారు. కలకత్తా మెడికల్ కాలేజీలో చదివి, లండన్‌లో రాయ్ కామెరాన్ దగ్గర 1949లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. తిరిగొచ్చాక నీల్‌రతన్ సర్కార్ మెడికల్ కాలేజీలో, తర్వాత కలకత్తా మెడికల్ కాలేజీలో పాథాలజీ విభాగంలో పనిచేసి 1973లో రిటైరయ్యారు. జీవితమంతా పాఠాలు చెబుతూ, శవ పరీక్షలు చూస్తూ గడిపిన సర్కారు కాలేజీ మాస్టారు. 

కోఖ్ 1884లో కలకత్తాలోనే కలరా క్రిమిని పట్టుకున్నారు. అది ఏదో విషం వదులుతుందని ఆయనకే అనుమానం. ఆ విషం మాత్రం 75 ఏళ్ల పాటు ఎవరికీ చిక్కలేదు. కారణం వెతికిన చోటు తప్పు. క్రిములను జంతువు నరంలోకో, పొట్ట కుహరంలోకో ఎక్కించేవారు. జంతువు చచ్చేది గానీ విరేచనం అయ్యేది కాదు. ఆ చావు క్రిమి పైపొరలోని ఎండోటాక్సిన్ అనే వేరే విషం వల్ల వచ్చేది. అలాంటి పైపొర ఉన్న ఏ క్రిమిని ఎక్కించినా అదే జరుగుతుంది, దానికి కలరాయే కానక్కర్లేదు. పోనీ నోట్లో పోస్తే పెద్ద కుందేలుకు ఏమీ కాదు. పేగు కదలికలు క్రిమిని నిలవనివ్వకుండా కిందికి తోసేస్తాయి.

డే ఆ కదలికకు అడ్డుకట్ట వేశారు. డి.ఎన్. ఛటర్జీతో కలిసి 1953లో ప్రకటించిన పద్ధతి ఇది. కుందేలును పస్తుంచి, మత్తిచ్చి, పొట్ట మధ్యగీత మీద కోసి చిన్నపేగును బయటికి తీస్తారు. కొంత మేర పేగును రెండు చివర్లా పట్టుదారంతో కట్టి, ఆ తిత్తిలోకి సన్నటి సూదితో క్రిముల ద్రవం ఎక్కించి, పేగును లోపల పెట్టి కుట్టేస్తారు. మర్నాడు తెరిచి చూస్తే తిత్తి బియ్యం కడుగులాంటి నీళ్లతో ఉబ్బిపోయి ఉంటుంది. క్రిములు లేని ఉత్త ద్రవం ఎక్కించిన పక్క తిత్తి చప్పగా పడి ఉంటుంది. తర్వాతి రోజుల్లో అన్ని ల్యాబుల్లోనూ స్థిరపడిన లెక్క ప్రకారం ఒక్కో తిత్తి 5 నుంచి 10 సెంటీమీటర్లు, ఎక్కించేది 1 మిల్లీలీటరు, ఊరిన నీరు సెంటీమీటరుకు 1 మిల్లీలీటరు దాటితే విషం ఉన్నట్టు.

చెప్పినంత సులువు కాదు. ముడిలో పేగుతో పాటు రక్తనాళం పడితే తిత్తి నల్లబడి నెత్తురు ఊరుతుంది, ఆ ఫలితం చెత్తబుట్టకే. ముడి వదులైతే ద్రవం పక్క తిత్తిలోకి పాకి, ఏమీ ఎక్కించనిది కూడా ఉబ్బుతుంది. పేగు కింది భాగంలో కుందేలు సొంత క్రిములు ఎక్కువ. అక్కడ కడితే దేని ఫలితమో తేలదు. అందుకే ప్రతి కుందేలులోనూ ఉత్త ద్రవం తిత్తి ఒకటి, తెలిసిన విషపు తిత్తి ఒకటి ఉండి తీరాలి. నిజానికి ఇలాంటి ప్రయత్నం 1915లోనే వియోల్, క్రెండిరోపులో అనే ఇద్దరు చేశారు. దాన్ని లోకం మరిచిపోయింది. పేగును కట్టి చూసిన మొదటివాడు డే కాదు. ఆ పనిని చివరిదాకా తీసుకెళ్లినవాడు ఆయన.

1956లో అదే తిత్తిలో, విరేచనాల రోగుల నుంచి తీసిన ఈ.కోలై క్రిములను పరీక్షిస్తే కొన్ని రకాలు అచ్చం కలరాలాగే నీరు ఊరించాయి. పిల్లల విరేచనాల మీద తర్వాత జరిగిన ఎంతో పరిశోధనకు అది మొదటి మెట్టు. 1959 మే నెలలో 'నేచర్'లో వచ్చిన చిన్న వ్యాసంతో కలరా కథ తేలింది. క్రిములను పూర్తిగా వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించారు. అయినా తిత్తి ఉబ్బింది. అంటే విషం క్రిమి బయటికి వదులుతున్నదే. అదే ఏడాది బొంబాయి హాఫ్‌కిన్ సంస్థలో దత్తా బృందం కుందేలు పిల్లల్లో వేరే దారిలో ఇదే చోటికి చేరింది.

ఆ విషాన్ని శుద్ధిచేసింది 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టీన్, లోస్పలుటో. ఇప్పుడు దాని నడక తెలుసు. విషంలోని ఐదు 'బి' భాగాలు పేగు కణం మీది జీఎం1 అనే కొవ్వును పట్టుకుంటాయి, 'ఏ' అనే భాగం లోపలికి దూరి సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనాన్ని పెంచేస్తుంది, కణం క్లోరైడును పేగులోకి వదులుతుంది, దాని వెనకే సోడియం, నీరు. ముదిరిన కేసులో గంటకు లీటరు దాకా పోతుంది. అయితే గ్లూకోజుతో కలిసి సోడియం లోపలికి వెళ్లే దారిని ఆ విషం ముట్టుకోదు. లీటరు నీటిలో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు కలిపిన ఓఆర్ఎస్ ప్యాకెట్ పనిచేసేది ఆ దారిలోనే. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే మేలు బదులు కీడు జరుగుతుందని మన ఆశా కార్యకర్తలు అందరికీ చెబుతూనే ఉండాలి.

హైదరాబాద్‌కూ ఈ కథలో చోటుంది. శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన శాంకాల్ అనే కలరా చుక్కల టీకాకు 2009లో దేశంలో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చాయి. దానికి మూలమైన వియత్నాం టీకాలో 569బి అనే రకం క్రిమి ఉండేది. అది విషం మోతాదుకు మించి తయారుచేస్తుందని తీసేసి, వేరే రకాలతో టీకాను మళ్లీ కూర్చారు. ఏ రకం ఎంత విషం వదులుతుందని లెక్కలు తీసే పని మొదలైందే కుందేలు తిత్తి నుంచి. 2024లో భారత్ బయోటెక్ హిల్‌కాల్ అనే కలరా టీకా తెచ్చింది.

1978లో స్టాక్‌హోంలో కలరాపై జరిగిన నోబెల్ సింపోజియానికి డేను పిలిచారు. నోబెల్ గ్రహీత లెడర్‌బర్గ్ ఆయన పేరును ఆ బహుమతికి ఒకసారి కాదు, పలుమార్లు సూచించారు. మన దేశంలోని ఏ సైన్స్ అకాడమీ మాత్రం ఫెలోగా ఎన్నుకోలేదు. 1985లో ఆయన పోయారు. అదృష్టం లేదని సరిపెట్టుకుంటే కుదరదు, అది నిర్లక్ష్యం.

ఇక మన సంగతి. డే దగ్గరున్నవి రెండే: వార్డులో కలరా రోగులు, అదే కాలేజీలో ల్యాబ్. మన ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఈ రెండూ ఉన్నాయి. మధ్యలో నడిచే నమూనా లేదు. వచ్చిన ప్రతి కేసుకూ కేస్ షీటు మీద 'ఏజీఈ' (వాంతులు, విరేచనాలు అని) మూడక్షరాలు రాసి, సెలైన్ పెట్టి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ప్రాణం నిలబెట్టడానికి అది సరే. కానీ మందు పడ్డాక తీసిన మలంలో క్రిమి దొరకదు. పదోన్నతికి పేపర్లు కావాలి కాబట్టి విద్యార్థులకు ప్రశ్నావళి పంచి సర్వే పేపర్లు రాసుకుంటారు. వార్డులో ఉన్న అసలు పరిశోధన బెడ్‌పాన్‌తో పాటు కాలువలోకి పోతుంది.

పని కష్టమైనది కాదు. కుందేళ్లు అక్కర్లేదు, ఆ కాలం పోయింది. విషపు జన్యువు ఉందో లేదో ఇప్పుడు పీసీఆర్ చెబుతుంది. కావలసింది మొదటి ఐదారుగురు రోగుల నుంచి యాంటీబయాటిక్‌కు ముందే తీసిన నమూనా. మలద్వారంలో రెండు మూడు సెంటీమీటర్లు పోనిచ్చి తిప్పిన స్వాబ్‌ను (దూది చుట్టిన పుల్లను), క్రిమి చావకుండా ల్యాబ్‌కు చేర్చే క్యారీ-బ్లెయిర్ ట్యూబులో దూది పూర్తిగా మునిగేలా గుచ్చి, పుల్ల పైభాగం విరిచి, మూత బిగించాలి. ఐస్ పెట్టెలో పెట్టడం మన దగ్గర మామూలుగా జరిగే తప్పు. ఈ క్రిమికి చలి పడదు, గది వేడిమి చాలు. నమూనాలు పంపడానికి వాడే మరో ద్రవం గ్లిజరాల్ సెలైన్ అసలే వద్దు. ట్యూబు లేకపోతే రెండు గంటల్లోపు ల్యాబ్ గడప తొక్కాలి. పొడి స్వాబ్‌ను కవర్లో పెట్టి మర్నాడు పంపితే పంపనట్టే.

ల్యాబ్‌లో క్రిమిని పెంచే క్షార పెప్టోన్ నీటిలో ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచి, పైపొర నుంచి తీసి, కలరా క్రిమి పెరిగే టీసీబీఎస్ అనే మాధ్యమం పోసిన పళ్లెం మీద గీస్తే మర్నాటికి పసుపు చుక్కలు లేస్తాయి. టీసీబీఎస్‌ను ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడి పాత్రలో) పెట్టకూడదు, మరిగిస్తే చాలు. కొత్తగా చేరిన టెక్నీషియన్లు ఇక్కడే పొరబడతారు. క్రిమిని గుర్తించే ఆక్సిడేజ్ పరీక్షను ఆ పసుపు చుక్క మీదే చేస్తే ఫలితం తప్పుతుంది, మామూలు అగార్ మీదికి మార్చాకే చేయాలి. చివరికి కలరా తెచ్చే ఓ1, ఓ139 రకాలను గుర్తించే యాంటీసీరంతో తేల్చాలి. డబ్బా తీస్తే టీసీబీఎస్ పొడి గడ్డకట్టి ఉండటం, యాంటీసీరం గడువు తీరి ఉండటం తరచూ ఎదురయ్యేవే.

వైద్య ఆరోగ్య శాఖను కోరేది ఇది. మే నెలాఖరులోగా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పది క్యారీ-బ్లెయిర్ ట్యూబులు, ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాల మైక్రోబయాలజీ విభాగానికి గడువున్న టీసీబీఎస్, యాంటీసీరం చేర్చండి. తేలిన క్రిమి రకాన్ని పారేయకుండా భద్రపరిచి, ఒక నకలు కోల్‌కతాలో నైసెడ్ పేరుతో అందరికీ తెలిసిన, కలరా మీద పరిశోధన చేసే జాతీయ సంస్థకు పంపండి. ఆ పని చేసిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు దాన్ని ఒక పేపర్ కింద లెక్కగట్టండి. నీటి నమూనా రిపోర్టు పత్రికలకిచ్చే రోజున, ఎన్ని మల నమూనాలు తీశారు, అందులో మందుకు ముందు తీసినవెన్ని అన్న రెండంకెలు కూడా దాని పక్కనే ఇవ్వండి.

ఇట్లు,
మైక్రోబయాలజీ విశ్రాంత అధ్యాపకుడు,
కాకినాడ