మీటర్ సున్నా అయితే ఇన్సులిన్ ఎక్కడ దాచాలి, మంత్రి గారూ?

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఇంగ్లీషులో పంపిన మూడు అర్జీలకు "అందింది" అన్న ముక్క తప్ప మీ ఆఫీసు నుంచి ఏమీ రాలేదు. అందుకే ఈసారి నా భాషలో, మా వాళ్లందరూ చదివేలా రాస్తున్నాను.

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఎర్రమట్టి దారిలో నాలుగు గంటలు వెళ్తే వచ్చే, వార్ల్‌పిరి అనే ఆదివాసులుండే ఊళ్లో నేను నర్సుని. ఇక్కడి పెద్దవాళ్లు నాకు నంగాల అని తమ వరస పేరు పెట్టారు. నా పేషెంట్ ఒకావిడదీ అదే వరస. ఆ లెక్కన ఆవిడ నాకు అక్క.

పోయిన జనవరిలో ఒక సోమవారం అక్క షుగర్ చూద్దామని వెళ్లాను. ఇక్కడ జనవరి అంటే నడి వేసవి, బయట 44 డిగ్రీలు. గోడ మీద మీటర్ సున్నా చూపిస్తోంది. ఇక్కడ ముందే డబ్బు కట్టి పవర్ కార్డ్ కొనుక్కోవాలి, అది అయిపోతే మీటర్ తనంతట తానే కరెంటు ఆపేస్తుంది. శనివారం మధ్యాహ్నమే అక్క కార్డు అయిపోయిందట. అప్పటికే షాపు మూసేశారు, పెన్షన్ పడేది గురువారం. ఫ్రిజ్ తలుపు తీస్తే కుళ్లిన మాంసం వాసన గుప్పుమంది. వెన్న డబ్బా పక్కన ఐదు ఇన్సులిన్ పెన్నులు, పట్టుకుంటే వెచ్చగా తగిలాయి. అన్నీ పారేశాను. "తప్పు నాదే చెల్లీ" అంది అక్క. ఆ మాట నాకింకా మింగుడుపడటం లేదు.

ఆవిడ తప్పేముంది? ఆ ఇళ్ల గోడలు పొయ్యిలా కాగుతాయి. ఏసీ వేస్తే కార్డు కరిగిపోతుంది, వెయ్యకపోతే పిల్లలు నిద్రపోరు. తెలుగునాట మా సొంతూళ్లో బిల్లు కట్టకపోతే లైన్‌మన్ ఇంటికొచ్చి చెబుతాడు, బతిమాలితే రెండు రోజులు ఆగుతాడు. ఈ మీటర్‌ని ఎవరు బతిమాలగలరు?

ఇది అక్క ఒక్కదాని కష్టం కాదు. 2018-19లో ఇలాంటి 28 మారుమూల ఊళ్లలో దాదాపు 3,300 ఇళ్ల లెక్కలు తీస్తే, నూటికి 91 ఇళ్లకు ఒక్కసారైనా కరెంటు ఆగిపోయింది. 74 ఇళ్లకైతే పదిసార్ల కంటే ఎక్కువే. ఈ లెక్కలు మీకు తెలియవని నేను అనుకోను.

మీ అధికారులు వచ్చి, షుగర్ పేషెంట్లున్న ఇళ్ల లిస్టు అడిగారు. రాత్రంతా కూర్చుని నేనే రాసిచ్చాను, 31 ఇళ్లు. ఆ ఇళ్లకు కరెంటు ఆగదన్నారు. ఆ తర్వాతే అక్క ఫ్రిజ్ ఆగింది. ఆ కాగితం ఏమైందో ఒక్కసారి కనుక్కోండి సార్, దండం పెడతాను. ఎండ మండే రోజుల్లో ఏ ఇంటికీ కరెంటు ఆపకండి. మందులున్న ఇళ్లకు అసలే ఆపకండి. ఏడాది పొడుగునా ఎండ కాసే చోట ఆ ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు ఎందుకు లేవో కూడా చెప్పండి.

నవంబరు వస్తోంది, మళ్లీ ఎండలు ముదురుతాయి. అక్కకి ఇప్పుడు ఒక్కో పెన్నే ఇస్తున్నాను, మిగతావి క్లినిక్ ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆ ఎండలో నడిచొస్తోంది.

ఇట్లు,
ఆ ఊరి నర్సు