మంత్రి గారూ, ఆ బోర్డులు మళ్లీ రాయనివ్వండి

పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పార్కుల గురించి, వాటిని ఆనుకుని ఉన్న రక్షిత ప్రాంతాల గురించి చుట్టుపక్కల జనానికి చెప్పడం నా ఉద్యోగం. నిజానికి ఎక్కువ రోజులు బోర్డుల మీద మాటలు రాయడం, ప్రారంభోత్సవాలకు ఫొటోలు తీయించడంతోనే సరిపోతుంది.

మా బోర్డుల్లో తరచూ కనిపించే వాక్యం: "చాలామంది ఇక్కడ మొక్కలు పీకేస్తున్నారు." కడుపు మండి రాసిన మాట అది, రాసింది నేనే. అలాంటి మాట ఎలా బెడిసికొడుతుందో ఒక ప్రయోగం చూపించింది. అమెరికాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో రాయిగా మారిన చెట్ల ముక్కల్ని కొందరు జేబులో వేసుకుపోతుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సియాల్డిని బృందం అక్కడి దారుల్లో గుర్తు పెట్టిన ముక్కలు ఉంచి, బోర్డులు మార్చి మార్చి చూసింది. ఇంతకుముందు చాలామంది తీసుకెళ్లారని చెప్పిన బోర్డు ఉన్నప్పుడు 7.92 శాతం ముక్కలు మాయమయ్యాయి. తీయొద్దని మాత్రమే కోరినప్పుడు 1.67 శాతం. అందరూ చేసేదేగా అనుకుంటే మనిషికి జంకు పోతుంది. ఆ జంకును మేమే, డబ్బు ఖర్చుపెట్టి మరీ, పోగొడుతున్నాం.

కరీబియన్ దీవి సెయింట్ లూసియా కథ వేరు. 1970ల చివరికి అక్కడి చిలుకలు అంతరించిపోయే స్థితికి దగ్గరయ్యాయి. వన్యప్రాణుల రక్షణకు పనిచేసే పాల్ బట్లర్, ఆయనతో పనిచేసిన అటవీ సిబ్బంది జనాన్ని తిట్టలేదు. ఈ చిలుక లోకంలో ఇంకెక్కడా లేదు, ఇది మీది అన్నారు. పాటలు కట్టించారు, బడుల్లో బొమ్మలాటలు ఆడించారు. 1979లో అది జాతీయ పక్షి అయింది, తర్వాత సంఖ్యా పెరిగింది. చట్టాలు కూడా గట్టిపడ్డాయి, కాదనను. కానీ ఆ చట్టం ఎవరి కోసమో జనానికి అప్పటికే తెలుసు.

మా దగ్గర ఏం జరిగిందో చెప్తాను. తేనెటీగలు, సీతాకోకచిలుకల కోసం ఓ మైదానంలో గడ్డి కోయడం ఆపేశారు. మంచి పనే. నాకు కబురు అందింది మాత్రం ఫిర్యాదులు మొదలయ్యాక. "పార్కును గాలికొదిలేశారు", "పాములొస్తాయి" అని రోజూ ఫోన్లు. ఒక పెద్దావిడ నన్ను నిలదీసి అడిగారు: "కావాలనే వదిలేశారా బాబూ? అయితే అంచైనా కోయొచ్చుగా?" ఆ మాటలో ఎంత తెలివి ఉందో! దారి పక్కన ఓ మూర వెడల్పున కోసి ఉంచితే, లోపలి గడ్డి ఎవరో పట్టించుకుని పెంచుతున్నట్టు కనిపిస్తుంది. మేం కోశాం. ఫోన్లు తగ్గాయి. ఆవిడను ముందే అడిగి ఉంటే అంత టెన్షన్ ఉండేదే కాదు.

అందుకే అడుగుతున్నాను. కంచె వేసే ముందు, దారి మూసే ముందు, గడ్డి వదిలే ముందు మమ్మల్ని ఆ చర్చలో కూర్చోబెట్టండి, జనం దగ్గరికి పంపండి. వాళ్లు కాదన్నది మీ దాకా తెచ్చే అధికారం కూడా ఇవ్వండి, లేకపోతే వెళ్లడం వృథా. దారి మూస్తే ఎందుకు మూశారో, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో బోర్డు మీద ఉండాలి.

కొత్త బోర్డుల ముద్రణ ఫైలు మీ సంతకం కోసం వచ్చింది. అందులో నేను రాసిన ఆ పాత వాక్యం ఇంకా ఉంది. దయచేసి సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.

ఇట్లు,
మీ శాఖ ప్రచార విభాగం ఉద్యోగి