టచ్‌డౌన్ మీద పెనాల్టీ పాఠం తప్పు: సరిచేయండి, మా డబ్బు తిరిగివ్వండి

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,
హైదరాబాద్ కార్యాలయం.

విషయం: మీ తెలుగు రిఫరీ కోర్సులో 'స్కోరింగ్ ప్లేలో పెనాల్టీలు' అధ్యాయం, దాని మీద నేను పెట్టిన ఫిర్యాదును జవాబు చెప్పకుండా మూసేయడం.

అయ్యా,

నేను నార్త్ కరొలైనాలో హైస్కూల్, మిడిల్ స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచులకు రిఫరీగా వెళ్తుంటాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సీజన్ మొదలైతే గురు, శుక్రవారాల సాయంత్రాలు గ్రౌండ్‌లోనే. ఇక్కడ రిఫరీలు దొరక్క స్కూళ్లు నానా తంటాలు పడుతున్నాయి కాబట్టి, మనవాళ్లలో ఆసక్తి ఉన్న కుర్రాళ్లను నేనే లాక్కొస్తుంటాను. క్రికెట్ రూల్స్ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లే. ఈ ఆట రూల్ బుక్ మాత్రం కోర్టు నోటీసులా ఉంటుంది, రెండు పేజీలు చదివి పక్కన పెట్టేస్తారు. సరిగ్గా ఆ టైములో మీ ప్రకటన కనిపించింది. 'హైస్కూల్ లెవెల్, పూర్తిగా తెలుగులో' అన్నారు. ఆరుగురికి నేనే ఫీజు కట్టి చేర్పించాను.

ఉన్నమాట ముందే చెబుతాను. మొదటి పాఠాలు బాగున్నాయి. ఎవరు ఎక్కడ నిలబడాలి, గడియారం ఎప్పుడు ఆపాలి, ఫౌల్ చూస్తే ఫ్లాగ్ (పసుపు గుడ్డ) ఎప్పుడు విసరాలి, ఇవన్నీ మీ మేడమ్ చక్కగా, తొందరపడకుండా చెప్పారు. గొడవంతా స్కోరు వచ్చే ప్లేలో (బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఒక ప్లే) ఫౌల్ జరిగితే ఏం చేయాలో చెప్పే అధ్యాయంతోనే. అందులో మూడు రూల్ బుక్కులను కలగాపులగం చేసి, పైన 'హైస్కూల్' అని లేబుల్ అంటించారు.

అమెరికాలో ఈ ఆటకు ఒకటే రూల్ బుక్ లేదన్న సంగతి మీ కంటెంట్ టీమ్‌కు తెలిసే ఉంటుందనుకున్నాను. హైస్కూళ్లలో దాదాపు అన్ని రాష్ట్రాలవాళ్లూ ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (హైస్కూళ్ల జాతీయ సమాఖ్య) పుస్తకం ప్రకారం ఆడిస్తారు. మా నార్త్ కరొలైనా కూడా అంతే. కాలేజీలది వాటి క్రీడా సంఘం ఎన్‌సీఏఏ పుస్తకం. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు మళ్లీ వేరే. టెక్సాస్ హైస్కూళ్లు మాత్రం కొన్ని మార్పులతో ఎన్‌సీఏఏ రూల్సే వాడతాయి. మసాచుసెట్స్ కూడా చాలాకాలం అలాగే ఆడి, 2019లో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌కు మారింది. అంటే డాలస్‌లో ఉన్న తెలుగు కుర్రాడికి సరైన జవాబు, ఇక్కడ రాలీలో ఉన్నవాడికి తప్పు కావచ్చు. రాష్ట్రం అడగకుండా, పుస్తకం పేరు చెప్పకుండా ఇద్దరికీ ఒకటే క్విజ్ పెడితే ఎలా?

ఈ తేడా ఎక్కువగా బయటపడేది స్కోరింగ్ ప్లేలోనే. మిగతా చోట్ల పొరపాటు జరిగితే ఐదు యార్డులు అటో ఇటో అవుతుంది. ఇక్కడ పొరపాటు జరిగితే టచ్‌డౌన్‌కు, అంటే బంతిని అవతలి గోల్ లైన్ దాటించినందుకు వచ్చే ఆరు పాయింట్లు ఉంటాయా పోతాయా అన్నదే తేలాలి.

మీ పాఠంలో ఒక వాక్యం పెద్ద అక్షరాలతో ఉంది: 'స్కోర్ చేసిన జట్టే ఫౌల్ చేస్తే టచ్‌డౌన్ చెల్లదు.' సగం నిజం. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి కోసం సొంత జట్టువాడు ఎవరినో చొక్కా పట్టి లాగాడనుకోండి, వెనక నుంచి తోశాడనుకోండి, అప్పుడు నిజంగానే టచ్‌డౌన్ పోతుంది. పెనాల్టీ వేయించుకోవాలా వద్దా అన్నది అవతలి జట్టు ఇష్టం, వాళ్లు వద్దనరు కదా. కానీ ఒంటికి ఒళ్లు తగలకుండా జరిగే దురుసుతనం, అంటే ఎగతాళి చేయడం, బంతి చూపించి వెక్కిరించడం లాంటివాటికి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ లెక్క వేరు. ప్లే నడుస్తుండగా జరిగినా వాటిని ప్లే అయిపోయాక జరిగినట్టే చూస్తుంది. టచ్‌డౌన్ నిలుస్తుంది. పదిహేను యార్డులు ఆ తర్వాత వచ్చే ట్రైలో (టచ్‌డౌన్ కొట్టాక ఒకటో రెండో పాయింట్ల కోసం దొరికే ఒక్క అవకాశం) గానీ, కికాఫ్‌లో (బంతిని అవతలి జట్టు వైపు తన్ని ఆట మళ్లీ మొదలుపెట్టడం) గానీ పడతాయి. రెండింటిలో ఏది కావాలో అవతలి జట్టు ఎంచుకుంటుంది. అలాంటి ఫౌల్ ఒకే ఆటగాడు రెండోసారి చేస్తే ఇంటికే. ఇదీ హైస్కూల్ రూల్.

మీరు చెప్పింది కాలేజీ రూల్. ఎన్‌సీఏఏ 2011 సీజన్ నుంచి దాన్ని మార్చింది. గోల్ లైన్ దాటకముందే వెక్కిరిస్తే ఆ చోటు నుంచే పెనాల్టీ కొలుస్తారు, టచ్‌డౌన్ గాల్లో కలిసిపోతుంది. ఆ ఏడాది అక్టోబరులోనే ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) పంటర్, అంటే బంతిని దూరంగా తన్నేసే ఆటగాడు, బ్రాడ్ వింగ్ ఫ్లోరిడా యూనివర్సిటీ మీద పంట్ కొట్టినట్టు నటించి, బంతి తీసుకుని పరిగెత్తి, గోల్ లైన్ దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ చాపాడు. ఫ్లాగ్ పడింది, టచ్‌డౌన్ పోయింది. మీ యానిమేషన్‌లో బొమ్మ చేసేది కూడా అచ్చంగా అదే, చేతులు చాపడంతో సహా. కాలేజీ మ్యాచ్ చూసి బొమ్మ గీయించి, కింద హైస్కూల్ అని రాశారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా ఇలాంటి చోట టచ్‌డౌన్ నిలుస్తుంది. మూడు పుస్తకాల్లో రెండు ఒకవైపుంటే మీరు మూడోదాన్ని ఎంచుకున్నారు.

దీనివల్ల ఏమైందో చెబుతాను. మొన్న సీజన్‌లో ఒక మిడిల్ స్కూల్ మ్యాచ్. మీ కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రాడు సైడ్‌లైన్ మీద ఉన్నాడు. హోమ్ టీమ్ పిల్లాడొకడు బంతి పట్టుకుని సైడ్‌లైన్ వెంటే దూసుకొచ్చాడు. గోల్ లైన్‌కు ఆరు యార్డుల దూరంలో, ఆరో యార్డ్ లైన్ దగ్గర వెనక్కి తిరిగి, తరుముకొస్తున్నవాడి ముఖం మీదకు బంతి చాపి ఊపాడు. మనవాడు ఫ్లాగ్ వేశాడు. అది కరెక్టే, మెచ్చుకోవాలి. కానీ పిల్లాడు గోల్ లైన్ దాటాక చేతులు పైకెత్తి టచ్‌డౌన్ ఇవ్వాల్సింది పోయి, వైట్ హ్యాట్ (మా హెడ్ రిఫరీ) దగ్గరికి పరుగెత్తి, 'స్కోరు లేదు, ఆరు నుంచి పదిహేను వెనక్కి, ఇరవై ఒకటో యార్డ్ దగ్గర బంతి పెట్టాలి' అన్నాడు. ఆ లెక్కలో ఒక్క యార్డ్ కూడా తేడా లేదు, కాలేజీ మ్యాచ్ అయ్యుంటే. గోల్ లైన్ అవతలి ఎండ్ జోన్‌లో ఆ పిల్లాడు బంతి ఎవరికివ్వాలో తెలియక దాన్ని పొట్టకు ఆనించుకుని మా వంకే చూస్తున్నాడు. హోమ్ కోచ్ హెడ్‌సెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు, అది మంచి శకునం కాదు.

అదృష్టం కొద్దీ మా వైట్ హ్యాట్ తలపండినవాడు. మమ్మల్నందరినీ దగ్గరకు పిలిచి, స్నాప్ (బంతి అందించి తర్వాతి ప్లే మొదలుపెట్టడం) కాకముందే సరిచేశాడు. టచ్‌డౌన్ ఇచ్చాడు. అవతలి కోచ్ పెనాల్టీ ట్రైలోనే కావాలన్నాడు. బంతి మూడో యార్డ్ నుంచి పద్దెనిమిదికి వెళ్లింది. ఆ వయసు పిల్లల జట్లలో కిక్ కొట్టగలిగేవాళ్లు తక్కువ, అందరూ బంతిని మళ్లీ గోల్ లైన్ దాటిస్తే వచ్చే రెండు పాయింట్లకే పోతారు. పద్దెనిమిది నుంచి ఆ రెండు పాయింట్లు రావడం కల్ల. అంటే వెక్కిరించినందుకు శిక్ష పడనే పడింది, సరైన చోట పడింది. మనవాడికి మాత్రం ఆ రోజు నుంచి ఫ్లాగ్ మీద చెయ్యి పడాలంటే టెన్షన్. 'అన్నా, వీడియోలో అలాగే చెప్పారు కదా' అంటాడు. వాడిని నేనేమనను?

మీ రెండో తప్పు దీనికి తలకిందులు. డిఫెన్స్ (ఆపే జట్టు) హోల్డింగ్ చేసింది, అంటే పట్టుకుని ఆపింది, అయినా అఫెన్స్ (బంతి ఉన్న జట్టు) టచ్‌డౌన్ కొట్టేసింది. 'స్కోరు వచ్చేసింది కాబట్టి పెనాల్టీ దానంతటదే రద్దు' అని మీ క్విజ్ జవాబు. ఎన్‌సీఏఏలో అంతే, ఇలాంటి చోట పర్సనల్ ఫౌల్ లాంటి పెద్దవే ముందుకు వెళ్తాయి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌లో అలా కాదు. టచ్‌డౌన్ ఉంచుకుని, ఆ పది యార్డులు ట్రైలో గానీ కికాఫ్‌లో గానీ వేయించుకునే హక్కు స్కోర్ చేసిన జట్టుకు ఉంది. రిఫరీ వెళ్లి కోచ్‌ను అడగాలి. మీ కోర్సు చదివినవాడు అడగడు, ఫ్లాగ్ తీసి నడుముకు దోపుకుని వచ్చేస్తాడు. కోచ్‌కు రూల్ తెలిస్తే రచ్చ. తెలియకపోతే ఆ జట్టుకు దక్కాల్సింది నోరెత్తకుండా పోయినట్టే.

మూడోది ఇంటర్‌సెప్షన్, అంటే అఫెన్స్ విసిరిన పాస్‌ను డిఫెన్స్ పట్టేయడం. అఫెన్స్‌వాడు పాస్ సమయంలో డిఫెన్స్‌వాడి ఫేస్‌మాస్క్ పట్టుకుని గుంజాడు, ఆ తర్వాత బంతి డిఫెన్స్ చేతికి చిక్కి, వాళ్లు అటునుంచి అటే టచ్‌డౌన్ కొట్టారు. 'టచ్‌డౌన్‌తో పాటు పదిహేను యార్డులు కూడా' అన్నారు మీరు. హైస్కూల్‌లో ఫౌల్ బంతి చేతులు మారకముందు జరిగిందా, మారాక జరిగిందా అన్నదే కీలకం. మారాక జరిగితే మీరు చెప్పినట్టే, టచ్‌డౌన్ ప్లస్ యార్డులు. మారకముందు జరిగితే పెనాల్టీ వదులుకుంటేనే టచ్‌డౌన్ దక్కుతుంది, రెండూ కావాలంటే కుదరదు. మీ వీడియోలో ఫౌల్ స్పష్టంగా ఇంటర్‌సెప్షన్‌కు ముందే జరుగుతుంది. పాజ్ చేసి మరీ చూశాను.

ఇక మీ గ్రాఫిక్. స్కోర్ ఇచ్చుకున్న జట్టు ఫౌల్‌కు పదిహేను యార్డులు కికాఫ్‌లో వేస్తే బంతి సరిగ్గా యాభైలో, అంటే మధ్య గీత మీద పెట్టారు. ముప్పై ఐదుకు పదిహేను కలిపితే యాభై. ముప్పై ఐదు నుంచి తన్నేది కాలేజీలో. హైస్కూల్‌లో కికాఫ్ నలభై నుంచి. పదిహేను ముందుకు జరిపితే మధ్య గీత దాటి అవతలి జట్టు నలభై ఐదుకు చేరుతుంది. అక్కడి నుంచి కాస్త కాలున్న ఏ పిల్లాడు తన్నినా బంతి గోల్ లైన్ దాటే అవకాశం ఎక్కువ. హైస్కూల్‌లో అలా దాటిందంటే టచ్‌బ్యాక్, అంటే ప్లే అక్కడితో సరి, బంతి అందుకుని ఎదురు పరిగెత్తే రిటర్న్ అన్న మాటే లేదు. అదే పెనాల్టీని ట్రైలో తీసుకుంటే మూడో యార్డ్ నుంచి గోల్ లైన్‌కున్న దూరంలో సగమే వస్తుంది, బంతి ఒకటిన్నర యార్డ్ దగ్గరికి చేరుతుంది. పదిహేను యార్డుల శిక్ష ఒకటిన్నర యార్డ్ అయినా, రెండు పాయింట్లకు పోవాలనుకునే కోచ్‌కు ఆ ఒకటిన్నరే బంగారం. వెనకబడి ఉన్న కోచ్ ఒకటి కోరతాడు, ఆధిక్యంలో ఉన్న కోచ్ ఇంకొకటి. ఇందుకే కోచ్‌ను అడగడం అంత ముఖ్యం. మీ పాఠంలో ఈ ఎంపిక గురించి ఒక్క ముక్క లేదు.

ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్య నుంచి బంతి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవడం) సంగతి మీరు ఎత్తనే లేదు. కిక్ గోల్‌లో పడి, కికర్‌ను డిఫెన్స్ గుద్దేసిందంటే, మూడు పాయింట్లు ఉంచుకుని పెనాల్టీ కికాఫ్‌లో తీసుకోవచ్చు, లేదా పాయింట్లు వదిలి ఫస్ట్ డౌన్, అంటే కొత్తగా నాలుగు అవకాశాలు, తీసుకోవచ్చు. ట్రైలోనూ దాదాపు ఇలాంటి ఎంపికే ఉంటుంది. వీటన్నిటికీ ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ 8వ రూల్‌లో 2, 3, 4 సెక్షన్లు చూస్తే సరిపోతుంది. ఒక సాయంత్రం పని.

ఇవన్నీ వివరంగా రాసి మీ సపోర్ట్‌కు పంపాను. 'మా కంటెంట్‌ను నిపుణుల బృందం వెరిఫై చేసింది, మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు' అని ఒక నవ్వు ముఖం పెట్టి టికెట్ మూసేశారు. మళ్లీ తెరిస్తే, ఏ పుస్తకం ప్రకారం వెరిఫై చేశారో చెప్పమన్న ప్రశ్నకు జవాబుగా తర్వాతి కోర్సుకు డిస్కౌంట్ కూపన్ పంపారు. రీఫండ్ అడిగితే 'సగానికి పైగా వీడియోలు చూశారు కాబట్టి కుదరదు' అన్నారు. చూస్తేనే కదండీ తప్పు తెలిసేది! నిపుణులు ఎవరో నాకు అక్కర్లేదు. వాళ్ల ముందున్న పుస్తకం ఏదో చెప్పండి చాలు.

తెలుగులో ఈ పని చేస్తున్నది నాకు తెలిసినంతలో మీరొక్కరే, అందుకే ఇంత ఓపికగా రాస్తున్నాను. లేకపోతే బ్యాంకువాళ్లకు చెప్పి డబ్బు వెనక్కి తెచ్చుకునేవాణ్ని, అక్కడితో అయిపోయేది.

నాకు కావలసినవి ఇవి. ఆ అధ్యాయాన్ని సరిచేసేదాకా కోర్సు నుంచి తీసేయండి. సరిచేశాక ప్రతి ప్రశ్న పక్కన అది ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్సో ఎన్‌సీఏఏనో రాయండి, టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు విడిగా క్విజ్ పెట్టండి. ఇప్పటికే సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లందరికీ, మా ఆరుగురికే కాదు, తప్పు ఎక్కడుందో చెబుతూ మెయిల్ పంపండి. వాళ్లలో ఎవరు ఏ గ్రౌండ్‌లో విజిల్ పట్టుకుని నిలబడ్డారో మీకూ నాకూ తెలియదు. మా ఆరుగురి ఫీజు పూర్తిగా తిరిగివ్వండి, కూపన్ రూపంలో వద్దు.

ఆగస్టులో కొత్త సీజన్ క్లినిక్‌లు మొదలవుతాయి, ఈలోపే ఇది తేలాలి. కావాలంటే ఆ అధ్యాయం స్క్రిప్టు నాకు పంపండి, తప్పులు గుర్తుపెట్టి ఇస్తాను, దానికి డబ్బు అడగను. నెల రోజుల్లో జవాబు రాకపోతే ఈ ఉత్తరాన్నే జతచేసి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ కోర్సుకు ఆరుగురి ఫీజు కట్టిన నార్త్ కరొలైనా రిఫరీ

జతపరచినవి: ఫీజు రసీదులు, మూసేసిన రెండు టికెట్ల కాపీలు, క్విజ్ స్క్రీన్‌షాట్లు.