టర్బో బటన్ మీరే ఇచ్చి, ఇప్పుడు ఓవర్‌క్లాకింగ్ అని వారంటీ ఎగ్గొడతారా?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారమండి. నేను విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను, మీ గేమింగ్ లాప్‌టాప్ ఈ పని కోసమే కొన్నాను. మే నెలలో ఒక పెళ్లి వీడియో రెండర్ అవుతుండగా ఆగిపోయింది, మళ్లీ ఆన్ అవ్వలేదు. చూస్తే బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ ఒక మూల పైకి లేచింది, నొక్కితే క్లిక్ కూడా పడట్లేదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే మదర్‌బోర్డు కూడా పోయింది, ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ని కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువలో నడపడం) చేశారు కాబట్టి వారంటీ రాదు, డబ్బులు కట్టాల్సిందే అన్నారు.

నేను చేసిన ఓవర్‌క్లాకింగ్ ఏంటండి అసలు? బయోస్ (లాప్‌టాప్ లోపలి మూల సెట్టింగులు) ముట్టుకోలేదు, బయట సాఫ్ట్‌వేర్ ఏదీ వేయలేదు. మీ యాప్‌లో స్పీడ్ పెంచే టర్బో బటన్ ఉంటే ఆన్ చేశాను, అంతే. షోరూమ్‌లో ఆ బటన్ చూపించే కదా అమ్మారు, అది నొక్కితే వారంటీ పోతుందని అప్పుడు ఒక్కరూ చెప్పలేదు, యాప్‌లో కూడా ఒక్క ముక్క లేదు.

క్లాక్, అంటే చిప్ నడిచే స్పీడ్, పెంచాలంటే మామూలుగా వోల్టేజ్ కూడా పెంచాలి, వోల్టేజ్ 10 శాతం పెరిగితేనే చిప్ తినే పవర్ దాదాపు 21 శాతం పెరుగుతుంది, క్లాక్ వల్ల పెరిగేది దానికి అదనం, అదంతా వేడిగానే బయటికి రావాలి. డెస్క్‌టాప్ అయితే పెద్ద కూలర్ పెట్టుకుంటాం, ఇందులో సీపీయూకీ (మెయిన్ చిప్) జీపీయూకీ (గ్రాఫిక్స్ చిప్) కలిపి ఆ సన్నటి రాగి పైపులు, రెండు చిన్న ఫ్యాన్లే దిక్కు. మా ఊళ్లో మేలో 42, 43 డిగ్రీలు మామూలే, ఫ్యాన్ లాగేదే వేడిగాలి అయితే లోపల ఏం చల్లబడుద్ది? చిప్ అయితే 100 డిగ్రీల దగ్గరికి రాగానే తనే స్పీడ్ తగ్గించుకుని బతికిపోద్ది, దాని పక్కనున్న బ్యాటరీ పరిస్థితి ఏంటి? లిథియం బ్యాటరీకి వేడి పడదని మీ ఇంజినీర్లకి తెలుసు కదండీ, మరి బ్యాటరీ వేడెక్కితే టర్బో దానంతటదే ఆఫ్ అయ్యేలా ఎందుకు పెట్టలేదు? నేను స్టాండ్ మీద పెట్టే వాడాను, ఫ్యాన్లలో దుమ్ము తీద్దామంటే స్క్రూ మీద వారంటీ స్టిక్కర్ వేశారు, అది చిరిగితే వారంటీ పోద్దంట.

మదర్‌బోర్డు, బ్యాటరీ రెండూ ఫ్రీగా మార్చివ్వండి. కుదరదంటే మీ యాప్‌లో బటన్ నొక్కితే వారంటీ పోతుందని ఏ కండిషన్‌లో రాసుందో చూపిస్తూ రాతపూర్వకంగా ఇవ్వండి, అది పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తాను. బిల్లు, ఉబ్బిన బ్యాటరీ ఫోటోలు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్‌షీట్ దీంతో పాటు పంపిస్తున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్, విజయవాడ