ఆ ల్యాంప్ కొనేముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫ్లోర్ ల్యాంప్ ఫొటో చూశాను. సన్నటి నల్ల స్టాండు, పైన ఆకాశం వైపు తిరిగిన పెద్ద గిన్నె, నడుము దగ్గర్నుంచి పక్కకి వంగిన చిన్న చెయ్యి, దాని చివర చదువుకోవడానికి చిన్న దీపం. బాగుంది, కాదనను. కాకపోతే ఆ ఫొటో పట్టపగలు తీశారు. దీపం వెలుగుతున్నట్టే ఉంది గానీ, గదిలో వెలుతురంతా కిటికీది. అది చూసి డబ్బు కట్టేయకు.

పై గిన్నెతో నాకు పేచీ లేదు. దాని వెలుగు సీలింగుకి తగిలి, చెదిరి, గదంతా పరుచుకుంటుంది. నీడలు మెత్తబడతాయి, కళ్లలో ఏదీ గుచ్చుకోదు. సీలింగు తెల్లగా ఉండాలి, అంతే. ముదురు రంగైతే వెలుగుని అదే మింగేస్తుంది.

అసలు సంగతి ఆ చిన్న చేతిది. నువ్వు గంటల తరబడి చదివేదానివి. దీపం పుస్తకానికి రెండింతలు దూరం జరిగితే కాగితం మీద పడే వెలుగు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకని ఆ చెయ్యి వంగాలి, సాగాలి, పెట్టినచోట నిలబడాలి. కొన్నాళ్లకే కీలు వదులై తల వేలాడేసేవి చాలా ఉన్నాయి. కుర్చీలో కూర్చున్నప్పుడు షేడ్ అంచు నీ కంటి ఎత్తులో ఉంటే బల్బు కనపడదు. కుడిచేత్తో రాస్తావు కాబట్టి ఎడమ భుజం వెనకనుంచి వెలుగు రావాలి. లేదంటే రాస్తున్న అక్షరం మీదే చేతి నీడ.

గది చీకటి చేసుకుని ఆ చిన్న దీపమొక్కటే పెట్టుకుని చదవొద్దు. తెల్లటి పేజీకీ చుట్టూ ఉన్న చీకటికీ మధ్య కళ్లు నలిగిపోతాయి. పై దీపం సన్నగా వెలుగుతూ ఉండాలి. అంటే రెండింటికీ వేర్వేరు స్విచ్చులు, పైదానికి డిమ్మర్, అంటే వెలుగు తగ్గించి పెంచే మీట, ఉండాలి. ఇవి లేకపోతే ఎంత అందంగా ఉన్నా నాకొద్దు. డిమ్మర్ తగ్గించి ఫోన్ కెమెరా పెట్టి చూడు. తెర మీద చారలు పరిగెత్తుతుంటే ఆ వెలుగు అదురుతున్నట్టే.

1962లో ఇటలీలో కాస్టిల్యోని అనే డిజైనర్ అన్నదమ్ములు ఆర్కో అనే ల్యాంప్ చేశారు. పొడవాటి ఉక్కు వంపు, అది ఒరగకుండా అడుగున పాలరాతి దిమ్మ. ల్యాంప్ బరువు 60 కిలోల పైమాటే. మరి జరపడమెలా? దిమ్మకో కన్నం పెట్టారు, చీపురుకర్ర దూర్చి ఇద్దరు ఎత్తడానికి! నీ ల్యాంపుకి కన్నం అక్కర్లేదు గానీ, చెయ్యి పూర్తిగా చాపినప్పుడు స్టాండు ఊగుతుందేమో మాత్రం కదిపి చూడు.

బల్బు మార్చుకునే రకమా, లేక ఎల్ఈడీ లోపలే బిగించేశారా అనేది అమ్మేవాళ్లని తప్పకుండా అడుగు. బిగించినదైతే అది పోయిన రోజున మొత్తం ల్యాంపే మూలపడొచ్చు. మార్చుకునేదైతే 2700 కెల్విన్ (వెలుగు ఛాయని చెప్పే కొలత) బల్బు వేసుకో, సాయంత్రాలకి ఆ పసుపు ఛాయ హాయిగా ఉంటుంది. పెట్టె మీద సీఆర్ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే రంగులు నిజంగా ఉన్నట్టే కనిపిస్తాయి.

వాళ్లేమన్నారో రాయి. రంగంటావా, అది నీ ఇష్టం. తెలుపైతే బాగుండునని అమ్మ అంటోంది, నేను మాత్రం నలుపుకే ఓటేశాను.

నాన్న