మందు పట్టించిన పలకలు వెనక్కి పంపేశాను, గూళ్లు ఆలస్యమవుతాయి

అందరికీ నమస్కారం.

ముందుగా డబ్బు కట్టి పిట్టగూళ్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు అవి చెప్పిన సమయానికి అందవు. గూళ్లు చేసే చెక్క పలకలు రాకపోవడం వల్ల కాదు. వచ్చినవాటిని నేనే వెనక్కి పంపేశాను.

గూళ్లలో కందిరీగలు చేరుతున్నాయని పోయిన సీజన్ నుంచీ మీలో చాలామంది చెబుతున్నారు. ఎన్నో ఏళ్లుగా మా దగ్గరే కొంటున్న ఒకాయన "నువ్వు అమ్మేది పిట్టగూళ్లు కాదు, కందిరీగల గూళ్లు" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈసారి కప్పు లోపలివైపు గరుకు లేకుండా నున్నగా చిత్రిక పట్టిన పలకలు పంపమని మాకు చెక్క ఇచ్చే ఆయన్ని అడిగాను. అడిగింది అంతే. ఆయన నాతో ఒక్క మాటైనా అనకుండా పురుగుమందు పట్టించిన పలకలు పంపారు. కట్ట విప్పగానే ఘాటు వాసన కొట్టింది. ఫోన్ చేస్తే "మీ మంచికేనండీ, ఇక కందిరీగ ఆ దరిదాపులకు రాదు" అన్నారు. చెప్పకుండా ఎందుకు చేశారన్న ప్రశ్నకు మాత్రం ఇప్పటిదాకా జవాబు లేదు. ఇన్నేళ్ల పరిచయంలో నాకు దక్కిన మర్యాద అది.

ఆ పలకలు వాడేయాలా వద్దా అని నేను తేలిగ్గా తేల్చుకోలేదు. నిద్ర పట్టని రాత్రులు గడిచాయి. "కందిరీగ రాదు, మాదీ పూచీ" అని రాస్తే సరుకంతా అమ్ముడుపోతుంది, పడ్డ మాటకు జవాబు చెప్పినట్టూ ఉంటుంది. పైగా ఆయన వాదన పూర్తిగా అబద్ధమూ కాదు. అది పైరెత్రాయిడ్ రకం మందు. ఆ రకం మందులు పురుగుల మీద పనిచేసినంతగా పక్షుల మీద పనిచేయవు. కానీ గూట్లో ఉండేది ఎదిగిన పిట్ట ఒక్కటే కాదు. గుడ్డు పగిలాక పిచ్చుక పిల్ల దాదాపు రెండు వారాలు ఆ ఇరుకు పెట్టెలోనే ఉంటుంది. మొదట్లో కళ్లు తెరవదు, ఒంటి మీద ఈకలుండవు, ఆ ఒళ్లే పలకకు ఆనుతుంది. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో ప్రచురించిన అధ్యయనం చదివాక నా మనసు గట్టిపడింది. టిట్ జాతి చిన్న పిట్టలు గూళ్లలో పరుచుకున్న జంతువుల బొచ్చును పరీక్షిస్తే, పెంపుడు జంతువులకు గోమార్ల కోసం వాడే మందులు అందులో బయటపడ్డాయి. మందు ఎక్కువున్న గూళ్లలో పిల్ల బయటికి రాని గుడ్లు, చచ్చిన పిల్లలు ఎక్కువగా ఉన్నాయి. అక్కడ మందు బొచ్చుతో పాటు తెలియక వచ్చింది. ఇక్కడ నేనే తెలిసి గోడలకు పట్టించి అమ్మాలి. అది నా చేత కాదు. ఈ సీజన్ అమ్మకాలు పోతే పోనీ.

కందిరీగలను ఆపడానికి మందు అవసరం కూడా లేదు. మన గూళ్లలో చేరేవి ఎక్కువగా కాగితం తుట్టె కట్టే రకం. తల్లి కందిరీగ చెక్క పీచు గీరి, ఉమ్మితో నమిలి, కప్పుకు ఒక సన్నటి కాడ అతికిస్తుంది. తుట్టె మొత్తం ఆ కాడ మీదే వేలాడుతుంది. కాడ అంటుకోకపోతే తుట్టే లేదు. పొడి సబ్బు బిళ్ల తీసుకుని కప్పు లోపలివైపు తెల్లటి పొర కనిపించేదాకా గట్టిగా రుద్దండి. వాసన లేని సబ్బు మేలు. పిట్టలు చేరకముందే రుద్దాలి, ఏటా మళ్లీ రుద్దాలి. నూనె, గ్రీజు, వాసెలిన్ మాత్రం పూయకండి. అవి ఈకలకు అంటితే ఈకలు అతుక్కుపోతాయి, పిట్టకు వెచ్చదనం నిలవదు. తేనెటీగలకు సబ్బు మీద నమ్మకం పెట్టుకోవద్దు. అవి చేరితే తేనెటీగలు పెంచేవాళ్లను పిలవండి.

రంధ్రం చిన్నది చేయమని కొందరు అడిగారు. పిచ్చుకకు 32 మిల్లీమీటర్లు కావాలి. పిచ్చుక పట్టే దారిలో కందిరీగ పట్టదా? గాలి సందులు మూసేయమన్నారు ఇంకొందరు. మూస్తే ఎండకు లోపల పిల్లలు ఉడికిపోతాయి, కాబట్టి అవి అలాగే ఉంటాయి. కొత్త గూళ్లకు పక్క పలక తెరుచుకునేలా చేస్తున్నాను. ఖాళీగా ఉన్న రోజుల్లో వారానికోసారి తెరిచి చూడండి. తల్లి కందిరీగ ఒక్కటే ఉండి, తుట్టె ఇంకా చిన్నదైతే, తెల్లవారుజామున చల్లటి వేళ పొడవాటి పుల్లతో గీకేయొచ్చు. గుంపు పెరిగిపోతే జోలికి వెళ్లకండి. కుడితే ఒళ్లు వాచి ఊపిరాడని మనుషులు ఒంటరి కందిరీగ దగ్గరికి కూడా వెళ్లొద్దు. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే తలుపు తెరవనే తెరవొద్దు. చెట్టు కొమ్మకు తుట్టె కట్టుకున్న కందిరీగలను వదిలేయండి. మొక్కల మీది గొంగళిపురుగులను పట్టుకెళ్లి తమ పిల్లలకు పెట్టేది అవే.

మీ ఇళ్లలో ఇప్పటికే ఉన్న మా గూళ్లన్నీ మందు తగలని చెక్కవే, వాటి గురించి బెంగ వద్దు. కొత్త పలకలు వేరే చోటి నుంచి తెప్పిస్తున్నాను. ఈసారి ప్రతి కట్టా నేనే విప్పి చూసుకున్నాకే కోతకు వెళ్తుంది. ప్రతి గూటితో పాటు ఒక సబ్బు బిళ్ల కూడా వస్తుంది. ఆగలేనివాళ్లు, మందు పూసిన గూళ్లే కావాలనుకునేవాళ్లు చెప్పండి, కట్టిన డబ్బంతా తిరిగిచ్చేస్తాను. పలకలు దిగగానే ముందు ఆర్డరు ఇచ్చినవాళ్లకు ముందు పంపుతాను.